మేత వేశాక మబ్బు చూసే లూపు

తెలుగులో కంప్యూటరు భాష కనిపెట్టిన మొదటివాణ్ణి నేనే. తొంభైల నడుమ, భవానీపురంలో అద్దె మేడమీద కంప్యూటరు పాఠాలు చెప్పుకునే రోజుల్లో ఆ ఘనకార్యం చేశాను. భాష మీద ప్రేమతో కాదు, రోతతో. బేసిక్ అనే కంప్యూటరు భాషలో గోటూ అని ఒక ఆజ్ఞ ఉండేది. దాన్ని పట్టుకుని ప్రోగ్రాము పదో లైను నుంచి నాలుగు వందలో లైనుకి, అక్కణ్ణించి మళ్ళీ వెనక్కి గెంతేది. అలాంటివి దిద్దాల్సి వస్తే ఎంగిలి విస్తట్లో వేలు పెట్టినట్టుండేది నాకు.

అందుకని నా భాషలో గోటూ తీసేశాను. షరతుకి ‘అయితే, లేకపోతే’. ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించడానికి ఒకటే లూపు: ‘చెయ్యి, ఫలానా అయ్యేదాకా’.

భాష అన్నాను గానీ, అది తెలుగు మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి ఆ బేసిక్‌కే అప్పగించే చిన్న ప్రోగ్రాము. లోపలంతా గోటూలే. మొదటివాణ్ణో కాదో ఎవర్నీ వాకబు చెయ్యలేదు కూడా.

కైకలూరు దగ్గర మా బావమరిదికి చేపల చెరువుండేది. పనివాళ్ళు తలా ఒక మాట చెబుతున్నారని, రోజువారీ పని కంప్యూటరే చెప్పాలన్నాడు. గట్టు మీద షెడ్డులో పాత కంప్యూటరు పెట్టి, నా భాషలో రాసిచ్చాను: తవుడు బస్తాలు కట్టు, ఆకాశం చూడు, మబ్బు పట్టేదాకా రోజూ ఇంతే. చిల్లులు పెట్టిన ఆ బస్తాల్ని నీళ్ళలో గుంజలకి కట్టడమే చేపలకి మేత వెయ్యడం.

మబ్బు పట్టిన రోజు చెరువులో మేత వెయ్యరు. వేస్తే నీళ్ళలో ప్రాణవాయువు ఇంకా తగ్గి, చేపలు ఊపిరాడక పైకి తేలతాయి. నా లూపేమో ముందు మేత వేయించి తరవాత ఆకాశం సంగతి అడుగుతుంది. తాళి కట్టాక గోత్రం అడిగినట్టు. ఎండాకాలమంతా ఆ గుట్టు బయటపడలేదు.

తీరా చేపలు పట్టుబడికి వచ్చిన వారంలో ముసురు పట్టింది. బస్తాలు కట్టేశాక కంప్యూటరు తాపీగా మబ్బుందా అని అడిగిందట. ఏడాది పెట్టుబడి ఆ నీళ్ళలో నోళ్ళు తెరుచుకుని తిరుగుతోందని బావమరిది బూత్ నుంచి ఫోన్ చేశాడు. వింటూనే తప్పు లూపులో ఉందని పట్టేసి, బస్తాలు పీకించి చెరువు నిలబెట్టాను. మొన్న పక్కింటాయనకి ఇదే చెబుతుంటే మా ఆవిడ కాఫీ గ్లాసులు పెడుతూ అందుకుంది.

“చాల్లెండి. ‘నా భాషలో తప్పులేదు, నీ పనివాళ్ళకే మబ్బంటే తెలీదు’ అని మీరు మావాడితో వాదిస్తా కూర్చున్నారు. ఫోను లాక్కుని బస్తాలు పీకమన్నది నేను. అప్పటికే సగం చెరువు తెల్లగా తేలిపోయింది.”