తవిటయ్య మావయ్య బోటు చారలు

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడ్డానికి చిన్నదే. ఒక్క మాట. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

నా పనితనం గురించి గొప్ప చెప్పుకోకుండా ఈ సంగతి చెప్పలేను. సొంత డబ్బా అనుకుంటే అనుకోండి. తప్పు చేయించింది కూడా ఆ గొప్పే.

పలాసలో నంబరు ప్లేట్లు, షాపుల బోర్డులు రాస్తాను. అది కూటికోసం. ఇష్టంగా చేసేది వేరే ఉంది. జానెడు చెక్క పడవలు చెక్కి, అసలు బోట్లకున్నట్టే వాటి పక్కల మీద రంగు చారలు వేస్తాను. మా ఒడ్డున ఏ ఇంటి బోటు చారలు ఆ ఇంటివి. వేట నుంచి వస్తుంటే మనిషి మొహం కనపడకముందే ఆడవాళ్లు చారలు చూసి మనవాడేనని గుర్తుపడతారు. చూశాకే ఇంటికెళ్లి ఎసరు పెడతారు.

జానెడు పడవ మీద చార తిన్నగా రావడం తేలికనుకోకండి. టేపును ఉన్నదున్నట్టు అంటిస్తే పని చెడినట్టే. ముందు గాజు పలకకి అంటించి, బ్లేడుతో సన్నగా చీలుస్తాను. ఆ చీలికను ఒకసారి ముంజేతికి అద్దితే జిగురు కాస్త తగ్గుతుంది, కింది రంగును పీక్కురాదు. పడవకి అంటించి, గోటితో అంచు నొక్కి, ముందు ఆ కింది రంగే ఇంకోసారి పల్చగా పూస్తాను. కారేదేదో ఆ రంగే కారి సందు మూసేస్తుంది. అప్పుడు కొత్త రంగు. పూర్తిగా ఆరకముందే టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగాలి. మొన దగ్గర టేపు వంగదు, అక్కడ టేపుకి బదులు జీడిమామిడి బంక నానబెట్టి పూస్తాను. పని అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా నా అంత సన్నగా చార లాగేవాడుంటే చూపించండి!

నీలమ్మత్త మా అమ్మకి వరసకి వదిన. వజ్రపుకొత్తూరు దగ్గర పల్లెలో ఉంటుంది. ఆమె పెనిమిటి తవిటయ్య మావయ్య కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డాక, ఆయన బోటు ఇసకలోనే ఎండకి పగిలి పాడైపోయింది. తర్వాత ఆయనా పోయాడు. ఆ బోటుకి ఒక్క ఫొటో అయినా లేదు. పటం పక్కన పెట్టుకుంటాను, చిన్నది చేసిపెట్టమని అత్త అడిగింది. చారలెలా ఉండేవో ఏడుస్తూనే చెప్పింది.

అడుగుకి రంగు వేయడానికి పడవను బోర్లించాను. చారలు వేసేటప్పుడు కూడా తిరగేయలేదు. నా కంటికి పైన కనిపించేదే పైది అనుకున్నాను. పక్క అంతా పసుపు పూసి, పసుపు మిగలాల్సిన చోట టేపు వేసి, ఎరుపు పూసి, టేపు లాగాను. ఏం వచ్చిందండీ ఆ చార! మొన దగ్గర ఒంపు తిరిగినచోట కూడా వెంట్రుకంత వంకర లేదు. అంత మంచి చార అంతకుముందు లాగలేదు, ఆ తర్వాతా లాగలేదు. సంబరపడిపోతూ పడవను తిరగేశాను.

పైది కిందికి, కిందిది పైకి, రంగులు తారుమారయ్యాయి.

గీకేసి మళ్లీ వేయొచ్చు. గరుకు కాగితం చేతిలోకి తీసుకున్నాను కూడా. గీకలేకపోయాను. బద్ధకమా? కాదు. భయమా? ఎవరంటే భయం? ఆ చారను చంపడానికి నాకు చేతులు రాలేదు. ఒక మనిషి బతుకంతా మోసిన గుర్తు కన్నా నా పనితనమే నాకు ముద్దొచ్చింది.

అత్త పడవను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎరుపు మీదన కదేట్రా? పసుపు మీదకెలాగొచ్చింది?"

"నువ్వే కదేటత్తా, మీదన పసుపని సెప్పినావు!"

"నానే సెప్పినానా?"

"నువ్వే సెప్పినావు."

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ ఏడుపులో ఏటి సెప్పినానో ఏటో. నువ్వెందుకు తప్పు సేత్తావులే."

అంతే. ఆమె నన్ను నమ్మింది, తన జ్ఞాపకాన్ని నమ్మలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నిరుడు వాళ్లబ్బాయి ధర్మారావు కొత్త బోటు తీసుకున్నాడు. నాన్న చారలే కావాలన్నాడు. ఆ చిన్న పడవను ఒడ్డుకి తెచ్చి, ఇలాగే వెయ్యమని నన్నే పిలిచాడు. దిద్దుకోవడానికి దేవుడిచ్చిన అవకాశం అది. నోరు తెరవబోయాను. అంతలో చుట్టూ చేరినవాళ్లు ఆ చిన్న పడవను చేతులు మార్చుకుంటూ, ఏం గీతరా ఇదని మెచ్చుకున్నారు. నా ఛాతీ పొంగింది. సంచిలోంచి టేపు తీశాను. చూసి చూసి, తెలిసి తెలిసి, ఆ తప్పునే బోటంత చేశాను. అది కూడా బ్రహ్మాండంగా వచ్చింది.

వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన తలెత్తి, తవిటయ్య రంగులు తిరగబడ్డాయేటి అన్నాడు. పక్కనే ఉన్న అత్తే ఆయన మీద లేచింది. "నా పెనిమిటి బోటు నాకు తెల్దేటి?"

నా అబద్ధం కోసం అత్త పోట్లాడుతుంటే నేను పక్కన నిలబడి చేతికంటిన రంగు తుడుచుకున్నాను.

ఇప్పుడు ధర్మారావు వేట నుంచి వస్తుంటే, అత్త కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ తప్పు చారలనే వెతుక్కుంటుంది. దూరం నుంచే గుర్తుపడుతుంది. అంత స్పష్టంగా ఉంటాయి మరి, నేను వేసినవి. చూసినప్పుడల్లా గర్వమే ముందొస్తుంది. సిగ్గు దాని వెనకాల వస్తుంది. ఏం చెయ్యను, అదే నా బుద్ధి.

ఆమెకి చెబుతానా? చెప్పలేననే అనుకుంటున్నాను. చెబితే మావయ్యని రెండోసారి పోగొట్టుకుంటుందని సర్దిచెప్పుకుంటాను. అది కూడా సాకేనేమో. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఎక్కడో ఒకచోట నిజం రాసి ఉండాలి, అంతే.

మీద ఎరుపు, కింద పసుపు. తవిటయ్య మావయ్య బోటు అలా ఉండేది. అత్త సరిగ్గానే చెప్పింది.