రైలు కిటికీలోంచి తెల్లకొంగ

ఎడిసన్ నుంచి పొద్దున్నే న్యూయార్క్ వెళ్లే రైల్లో, వెనకనుంచి రెండో పెట్టెలో, ఒక తెలుగు గుంపు కూర్చుంటుంది. కూర్చోవడమే కాదు, ఆ సీట్లేవో తాతలనాటి ఆస్తి అన్నట్టు కాపలా కూడా కాస్తుంది. 2010 నాటికి ఆ గుంపుకి పెద్దదిక్కు మూర్తిగారు. ఇన్సూరెన్స్ కంపెనీలో పాత ప్రోగ్రాములకి కాపలా ఆయన ఉద్యోగం, రైల్లో పేకముక్కలు పంచడం ఆయన సరదా. తరవాత నిశాంత్. వరంగల్ కుర్రాడు, బ్యాంకులో కన్సల్టెంటు. బజార్లోకి ఏ కొత్త వస్తువు దిగినా దాని మంచిచెడ్డలు నలుగురికీ చెప్పకపోతే అతనికి తిన్నది అరగదు. ఇక కుడివైపు కిటికీ పక్కన ప్రమోద. నలభై దాటిన మనిషి, డేటాబేసులు చూసుకునే ఉద్యోగం, మాటలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

నూవార్క్ దాటగానే ప్రమోద ముక్కలు ఒళ్లో బోర్లించి కిటికీలోకి చూసేది. అక్కణ్ణుంచి సెకాకస్ దాకా రైలు చిత్తడి నేల మీదుగా పోతుంది. ఎటు చూసినా మనిషెత్తు రెల్లు, మధ్యమధ్య ఉప్పునీటి పాయలు, దూరంగా గిడ్డంగులు, లారీలు. ఒకచోట తుప్పు పట్టిన పడవ బురదలో కూరుకుపోయి ఉంటుంది. పడవ దాటితే ఒక కరెంటు స్తంభం. స్తంభం దాటాక, రెప్ప వేసి తీసేంతసేపు, రెల్లుసందులో ఒక తెల్లకొంగ కనబడుతుంది. మెడ వంచి నిలబడి ఉంటుంది. ఇంతలో రైలు దాటిపోతుంది.

ఆ కొంగకి ప్రమోద పదేళ్లుగా మనసులోనే దణ్ణం పెట్టుకుంటోంది. ఊరికే కాదు.

కూతురు రియా నెలలు నిండకుండా జనవరిలో పుట్టింది. అరచేతిలో ఇమిడిపోయేంత పిల్ల. ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. పాప ఇంటికొచ్చాక సెలవు కావాలి కదా అని దాచుకుని, ఒళ్లు కాస్త కూడదీసుకోగానే ప్రమోద మళ్లీ రైలెక్కింది. పగలు ఆఫీసు, సాయంత్రం ఆస్పత్రి, ఫోను మోగితే చాలు గుండె జారిపోవడం. అలాంటి ఒక పొద్దున, చిత్తడంతా గడ్డకట్టి రెల్లు మంచు బరువుకి వంగిపోయి ఉన్నప్పుడు, కొంగ కనబడింది. అంత చలిలోనూ తొణక్కుండా నిలబడి ఉంది. 'అది నిలబడిందంటే నా పిల్లా నిలబడుతుంది' అనుకుంది. చదువుకున్న మనిషి ఇలా అనుకోవచ్చా అని ఎవరికైనా అనిపిస్తే, వాళ్లు ఆ నెల ఆ సీట్లో కూర్చుని చూడాల్సింది. మర్నాడు చూసింది, ఉంది. ఆ తరవాతా ఉంది. మార్చిలో పాప ఇంటికొచ్చింది.

ప్రతి పుట్టినరోజుకీ కేకు కోశాక రియా ఈ కథ చెప్పించుకునేది. తను వేసే బొమ్మలన్నిట్లో ఇల్లు, సూర్యుడు, పక్కన ఒక తెల్లకొంగ ఉండేవి. అలా పదేళ్లు గడిచాయి. ఆ సెప్టెంబర్లో స్కూలువాళ్లు పిల్లల్ని ఏదో పక్షుల పార్కుకి తీసుకెళ్లారు. ఆ సాయంత్రం రియా అన్నం తింటూ తింటూ ఆగింది.

"అమ్మా, వైట్ ఎగ్రెట్స్, అదే మన కొంగలు, వింటర్‌లో ఇక్కడ ఉండవ్. సౌత్‌కి వెళ్తాయి. మా టీచర్ మిస్ హాలోరన్ చెప్పింది."

"అన్నీ వెళ్లవేమోలే."

"వాటర్ ఫ్రీజ్ అయితే ఫిష్ ఎలా తింటుంది? మరి నువ్వు జనవరిలో ఏం చూశావ్?"

ప్రమోద పిల్ల మొహంలోకి చూసింది. అందులో వెటకారం లేదు. అదే ఆమెని పట్టుకుంది. తన పుట్టుక కథ నిజమో కాదో తెలుసుకోవాలని ఉంది ఆ పిల్లకి, అంతే. తల్లి మాత్రం చూసినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకోవడం మొదలుపెట్టింది. ఎండాకాలం కొంగ అటూ ఇటూ జరిగి నిలబడ్డం తను చూసింది. చలికాలం ఉన్నచోటే ఉండేది, చలికి ముడుచుకుంది పాపం అనుకుంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా దాని కన్ను చూసిందా, ముక్కు చూసిందా? పైగా వ్యవధి లేదు. నవంబర్లో ఆఫీసు సోమర్సెట్ వైపు మారిపోతోంది. తరవాత కారే గతి, ఈ రైలుతో పని లేదు. కొంగలు వెళ్లిపోయేలోగా తేలకపోతే ఇక ఎప్పటికి తేలుతుందో.

"నేనొక కెమెరా కొనాలి" అంది భర్త భాస్కర్‌తో.

"ఉందిగా?"

ఉన్నమాట నిజమే. ఆ కెమెరాలో ఉన్నదంతా కేకులూ, వరసగా నిలబడ్డ మనుషులూ. వాళ్లు చూసొచ్చిన నయాగరా కూడా అందులో నలుగురి భుజాల మధ్య కాస్త తెల్లటి నురగలా కనబడుతుంది. కొండా కోనా అన్నవి మనవాళ్లకి వెనకాల కట్టే తెర మాత్రమే. రెల్లునీ నీటినీ పక్షినీ తీసే కెమెరా ఎలా ఉండాలో అడుగుదామంటే వాళ్లిద్దరికీ తెలిసినవాళ్లలో ఒక్కరూ లేరు. ఇల్లు కొని ఏడాదే అయింది కాబట్టి లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాల వైపు చూసే ధైర్యమూ లేదు.

సలహాలకి మాత్రం కరువు రాలేదు. "మెగాపిక్సెల్సే ముఖ్యమక్కా. పద్నాలుగుకి తక్కువైతే అస్సల్ తీస్కోకు, ఫ్రేము కట్టిస్తే మంచిగుండదు" అన్నాడు నిశాంత్. సరే అని పద్నాలుగుది కొంది. మర్నాడు రైల్లో కొంగ కనబడగానే నొక్కింది. బొమ్మ అద్భుతంగా వచ్చింది, కాకపోతే కొంగది కాదు, దాని తరవాత వచ్చే గిడ్డంగి గోడది. గోడ మీద పోస్టరు చదువుకోవచ్చు కూడా. వారం రోజులు తీస్తే వారమంతా అదే గోడ.

కొన్న వస్తువు నచ్చకపోతే వెనక్కిచ్చే సౌకర్యం అమెరికా వాళ్లు ఎవరి కోసం పెట్టారో గానీ, దాన్ని మనవాళ్లు అనుభవించినట్టు ఇంకెవరూ అనుభవించి ఉండరు. ప్రమోద కెమెరా వెనక్కిచ్చేసి, మూర్తిగారి మాట మీద బాగా దూరాన్ని దగ్గరికి లాగేది తెచ్చింది. చేతిలో చిన్న సొరకాయంత ఉంది. అందులోంచి చూస్తే ఒక్కొక్క రెల్లుపోచా తాడిచెట్టులా కనబడేది. పోచల్లో ఏ పోచ వెనక కొంగ ఉందో వెతుక్కునేలోపు సెకాకస్ వచ్చేసేది. అదీ వెనక్కి వెళ్లింది.

"నీకు కెమెరా కావాలా, ఆ షాపులో ఉద్యోగం కావాలా?" అన్నాడు భాస్కర్.

అప్పుడు ప్రమోద ఆఫీసులో చేసే పనే ఇక్కడా చేసింది. అక్కడ ఎవరైనా 'సిస్టమ్ నెమ్మదిగా ఉంది' అంటే ఆమె కొత్తది కొనమనదు, ఆలస్యం ఎక్కడ జరుగుతోందో వెతుకుతుంది. ఇక్కడా వెతికింది. తను నొక్కుతోంది సరైన క్షణంలోనే. నొక్కాక కెమెరా తీరిగ్గా గొంతు సవరించుకుని, దూరం కొలుచుకుని, అప్పుడు బొమ్మ తీస్తోంది. ఈలోగా రైలు ఆగుతుందా! అంటే తనకి కావలసింది మెగాపిక్సెల్సూ కాదు, జూమూ కాదు, చెప్పగానే పని చేసేది. ఆ సంగతి డబ్బా మీద ఎవరూ రాయరు.

శనివారం మొగుణ్ణి షాపుకి తీసుకెళ్లింది. టీవీల వరసకీ కెమెరాల వరసకీ మధ్య ఒక స్తంభం ఉంది.

"మీరు అటునుంచి ఇటు గబగబా నడవండి. స్తంభం దగ్గరికి రాగానే నేను నొక్కుతాను."

"ఎవరైనా చూస్తే?"

"టీవీ కొంటున్నారనుకుంటారు. నడవండి."

భాస్కర్ నడిచాడు. మొదటి కెమెరాలో ఆయన వీపు వచ్చింది. రెండోదాంట్లో మడమ. మూడోదాంట్లో స్తంభం ఒక్కటే మిగిలింది. వెనక్కి వచ్చి మళ్లీ నడిచాడు, మళ్లీ వచ్చాడు. టీవీలు అమ్మే అమ్మాయి "మీకేమైనా సాయం కావాలా?" అని రెండుసార్లు అడిగింది. సెక్యూరిటీ మనిషి కూడా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ప్రమోద అతనికి విషయం చెబితే నవ్వి, కాసేపు తనూ నడిచాడు. చివరికి ఒక మూల, కొత్త మోడలు రావడంతో పక్కకి తోసేసిన పాతది ఒకటి దొరికింది. పిక్సెల్సు తక్కువ, జూమ్ మధ్యరకం, చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. దాంట్లో మాత్రం భాస్కర్ సరిగ్గా స్తంభం పక్కన, నోరు సగం తెరుచుకుని, నిలువెల్లా దొరికాడు.

"ఇదే" అంది ప్రమోద. అమ్ముడుపోని వస్తువు కాబట్టి ధర కూడా తగ్గించి ఇచ్చారు.

సోమవారం రైల్లో కిటికీ అద్దం తన నీడనే తనకి చూపించింది. మంగళవారం నల్లచున్నీ తెచ్చి, అద్దానికీ కెమెరాకీ కలిపి ముసుగులా పట్టుకుని, తల అందులో దూర్చింది. ముసుగులోంచి పడవ ఎప్పుడొస్తుందో తెలియదు. కొంగ కథంతా విన్న గుంపు ఆ భారం తీసుకుంది. మూర్తిగారు జీవితంలో మొదటిసారి పేకముక్కలు పక్కన పెట్టారు.

"పడవ వస్తోందమ్మా... వచ్చింది... స్తంభం!"

"కొట్టక్కా!" అని అరిచాడు నిశాంత్. నిద్రపోతున్న పెట్టెలో సగంమంది లేచి కూర్చున్నారు.

ఆ వారంలో మబ్బు రోజులు పోయాయి, ఎదురు రైలు అడ్డొచ్చిన రోజూ పోయింది. శుక్రవారం ఎండ పడింది. నొక్కింది. ఆఫీసులో ఆ బొమ్మని చూసే ధైర్యం చెయ్యలేదు. రియాతో కలిసే చూడాలని దాచుకుని ఇంటికి తెచ్చింది.

రియా కంప్యూటర్ మీద బొమ్మని పెద్దది చేసింది. రెల్లు, పాయ, మధ్యలో తెలుపు. ఇంకా పెద్దది చేసింది. ఒక తెలుపు కాదు, రెండున్నాయి. ఎడమ పక్కన ఉన్నదానికి పసుపుపచ్చ ముక్కు ఉంది, నల్లటి సన్నని కాళ్లున్నాయి, నీళ్లలోకి చూస్తోంది.

"ఎగ్రెట్!" అని ఎగిరింది రియా. ప్రమోద కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండోది దానికి బారెడు దూరంలో ఉంది. అంతే ఎత్తు, అదే వంపు. ముక్కు లేదు, కన్ను లేదు. ఇనప బిగింపు ఒకటి మెడ దగ్గర మెరుస్తోంది. భాస్కర్ కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు.

"ఇది గొట్టం. ఆ చిత్తడిలో ఎప్పుడో చెత్త పూడ్చారు కదా, లోపల పుట్టే గ్యాసు బయటికి పోవడానికి ఇలా పెడతారు. వాన పడకుండా పైన వంచుతారు."

అడక్కుండానే అందరికీ అర్థమైంది. ఎండాకాలం అటూ ఇటూ జరిగింది కొంగ. మంచులో, గాజుపెట్టెలో పిల్ల ఉన్న రోజుల్లో, కదలకుండా నిలబడింది గొట్టం. చలికాలమంతా తను దణ్ణం పెట్టింది చెత్తలోంచి లేచిన ప్లాస్టిక్ గొట్టానికి. ప్రమోదకి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఆ రెండిటికంటే ఎక్కువగా భయం వేసింది, రియా ఏమనుకుంటుందో అని. రియా బొమ్మని కాసేపు చూసి, "ఓకే" అని పైకెళ్లి పడుకుంది.

తరవాత చాలా రోజులు ఆ ఇంట్లో కొంగ మాట రాలేదు. ప్రమోద కెమెరాతో పార్కులకి వెళ్లింది, పండిన ఆకులు తీసింది, చెరువు మీద పొగమంచు తీసింది. అన్నీ బాగా వచ్చాయి. కానీ పిల్ల కొంగ బొమ్మలు వెయ్యడం మానేసింది. ఆ సంగతి తల్లికి రోజూ ముల్లులా గుచ్చుకునేది. నిజం తెలుసుకోవాలని ఉబలాటపడి, బిడ్డ కథని చేజేతులా చెరిపేశానే అనుకునేది.

నవంబర్ మొదట్లో టీచర్ల మహాసభకి స్కూళ్లు మూసేశారు. అది ప్రమోద రైలెక్కే ఆఖరివారం.

"నేనూ వస్తా నీ ట్రెయిన్‌లో" అంది రియా.

గుంపు ఆ పిల్లకి కిటికీ సీటు ఇచ్చింది. ఆ పొద్దున చలి ముదిరింది, పాయల అంచున సన్నగా మంచుపొర కట్టింది. రెల్లు ఎండిపోయి పల్చబడింది. పడవ వచ్చింది, స్తంభం దాటింది. కొంగ లేదు. తెల్లగొట్టం ఒక్కటే మెడ వంచుకుని నిలబడి ఉంది. ప్రమోద కెమెరా సంచిలోంచి తియ్యలేదు.

రియా అద్దానికి నుదురు ఆనించి, అది వెనక్కి పోయేదాకా చూసింది. తరవాత ఇటు తిరిగింది.

"బర్డ్ వెళ్లిపోయింది కదమ్మా."

"వెళ్లిపోయింది నాన్నా. చలి కదా."

"ఎవ్రీ ఇయర్ వెళ్లిపోతుంది. నేను హాస్పిటల్‌లో ఉన్నప్పుడు కూడా వెళ్లిపోయింది." మళ్లీ కిటికీ వైపు చూసింది. "ఆ పైపే వెళ్లలేదు."

ప్రమోద పిల్ల చెయ్యి పట్టుకుంది.

"సాయంత్రం వచ్చేటప్పుడు అటువైపు కూర్చుందామా? పైప్‌ని ఇంకోసారి చూస్తా" అంది రియా. ఎదురు సీట్లో మూర్తిగారు ముక్కలు పంచుతూ పంచుతూ ఆపి, తల పక్కకి తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నారు.