ఏబెల్ గెలుచుకున్న ఆదివారం

పాకాల ఏబెల్‌కు ఆరేళ్లుగా ఆదివారమనేది లేదు. చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వెబ్‌సైటు చూసుకునే ఉద్యోగం అతనిది. సైటులోకి ఎవరొచ్చారు, ఏం చూశారు అని సర్వరు తనకు తాను రాసుకునే లాగ్ ఫైలు ఒకటుంటుంది. రోజూ పొద్దున ఎనిమిదిలోపు దాన్ని జిప్ చేసి, సైటు భద్రత చూసే చెన్నై కంపెనీకి మెయిలు పెట్టాలి. పది నిమిషాల పని. అయితే ఆఫీసు కంప్యూటరులో తప్ప సర్వరు తెరవకూడదని ఓనరు పంకజాక్షమ్మ ఆజ్ఞ. పది నిమిషాల పనికి పోనూ రానూ బస్సులు! ఇంత తిక్క పద్ధతి మన ఆఫీసుల్లోనే చెల్లుతుంది. ఆదివారం అతను తిరిగొచ్చేసరికి ఆరాధన అయిపోయేది. చర్చిలో అతను వాయించే డోలక్కు వేరేవాళ్ల చేతికి పోయింది. భార్య అమల ఒక్కతే పోయి వచ్చేది.

మే నెలలో ఏబెల్ ఒక స్క్రిప్టు రాశాడు. పొద్దున ఆరున్నరకల్లా అదే నిన్నటి లాగును జిప్ చేసి పంపేస్తుంది.

"నెల దినాలు సూస్తా. అంతదాకా ఆదివారం కూడా ఆఫీసుకు రావాల. ఒక్క దినం తప్పినా పాత పద్ధతే" అంది పంకజాక్షమ్మ.

మూడు వారాలు చక్కగా నడిచింది. ఏబెల్ అప్పుడే గెలిచినట్టు మీసం దువ్వాడు. ఇల్లలకగానే పండగవుతుందా? జూన్‌లో తోతాపురి మామిడి కోతలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీ ముందు వరుస కట్టిన ట్రాక్టర్ల మీద కూర్చుని, కాయల రేటు మారిందేమోనని రైతులు గంటకు పదిసార్లు సైటు చూడసాగారు. లాగు పదింతలైంది. ఇంత బరువు మోయలేనని మెయిలు తిరిగొచ్చింది.

"మామిడి సీమలో పుట్టి సీజనే మర్సిపోయినావే!" అని పంకజాక్షమ్మ నవ్వింది. ఏబెల్‌కు తల కొట్టేసినట్టయింది.

కానీ లాగు ఎక్కడికీ పోలేదు. పంపినదాన్ని కూడా వారం దాకా చెరపొద్దని స్క్రిప్టులో ముందే రాసి ఉన్నాడు. ఆ పూటే ఇంకో నాలుగు వరుసలు చేర్చాడు. ఫైలు పెద్దదైతే ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ వేరే మెయిలులో పంపేటట్టు.

"ఇంకో నెల సూడండమ్మా. సీజను నడిమధ్యలోనే సూడండి" అన్నాడు, తల ఎత్తి.

నెల నిండింది. ఒక్క దినమూ తప్పలేదు. ఇక ఆదివారం రాకపోయినా సరేనంది పంకజాక్షమ్మ.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో డోలక్కు మళ్లీ ఏబెల్ చేతికొచ్చింది. పాట మధ్యలో జేబులో ఫోను అదిరింది. చూస్తే పంకజాక్షమ్మ. అమల బెదురుగా చూసింది. ఏబెల్ ఫోను జేబులో పెట్టేసి, డోలక్కు మీద దెబ్బ తప్పనివ్వలేదు. తను రాసింది తనకు తెలియదా!

ఆరాధన అయ్యాక బయటికొచ్చి తనే ఫోను చేశాడు.

"మూడు ముక్కలూ అందినాయని సెన్నైవాళ్లు సెప్పినారు. ఆ మాట సెప్దామంటే ఎత్తవే! యాడుండావప్పా?"

"ఈ పొద్దు ఆదివారం కదమ్మా. చర్చిలో ఉండా."

చిన్న మాటే. ఆరేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.