సారు ఇవ్వని లైసెన్సు

పోయిన మంగళవారం పొద్దున ఎమ్మిగనూరులో మా చీరల షాపు షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. ఆదోని నుంచి ఒక లారీ డ్రైవరు, నాతో పాటే డ్రైవింగు నేర్చుకున్న మనిషి. "అక్కా, మన సారు పోయినాడు. పొద్దున్నే టీ తాగి గలాసు కింద పెట్టినాడంట. అంతేనంట" అన్నాడు. షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయాను. అప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు తిడతారు. 'అయ్యో, ఇంక నాకు లైసెన్సు ఎవరిస్తారు?' అనుకున్నాను.

నా దగ్గర లైసెన్సు లేక కాదు. పందొమ్మిదేళ్ళుగా ఉంది. అందులో ఫోటో చూస్తే గొలుసు తెంపుతూ దొరికినదానిలా ఉంటాను, అది వేరే సంగతి. సారు లెక్కలో మాత్రం అది లైసెన్సే కాదు. "అది గవర్నమెంటు ఇచ్చింది పాపా. నేనింకా ఇయ్యలే" అనేవారు. నాకు నలభై మూడేళ్ళు, కాలేజీకి పోయే కూతురుంది. ఆయనకు నేను చివరిదాకా 'పాపా'నే.

మధ్యాహ్నానికి ఆదోని చేరాను. ఆయన ఇల్లు ఉన్న సందులో ఆటోలు, జీపులు, రెండు ట్రాక్టర్లు, లెక్కలేనన్ని కార్లు. అంత ఇరుకులో ఒక్క బండి కూడా వంకరగా పెట్టి లేదు. అన్నీ గోడకు జానెడు దూరంలో, చక్రాలు తిన్నగా. అందరం ఆయన దగ్గర తిట్లు తిన్నవాళ్ళమే మరి. ఆయన్ను తీసుకుపోయే బండి సందులోకి రివర్సులో రావాల్సి వచ్చింది. కళ్ళు తుడుచుకుంటున్న ఇరవై మంది ఒక్కసారిగా లేచి "రానీ, రానీ... ఎడమకు కొట్టు... సాలు!" అని అరిచారు. పాపం ఆ డ్రైవరు ఎవరి మాట వినాలో తెలియక ఇంజను ఆపేశాడు. ఏడుస్తున్న మనుషులు నవ్వారు. సారు భార్య, మేమంతా అమ్మా అని పిలిచే ఆమె, ఆయన కుడికాలి మీద చెయ్యి వేసి "ఇప్పుడన్నా ఈ కాలు తీసి నిమ్మళంగా పండుకో సామీ" అంది. దాంతో నవ్వినవాళ్ళం మళ్ళీ ఏడ్చాం.

ఆ కాలి సంగతి చెప్పాలి. ఆదోనిలో ఒక్క గదిలో సారు డ్రైవింగు స్కూలు, ఒక పాత తెల్ల కారు. నేర్చుకునేవాళ్ళకు ఉన్నట్టే పక్క సీటులో ఆయనకూ ఒక బ్రేకు ఉండేది. నలభై ఏళ్ళు ఆయన కుడికాలు దాని మీద నుంచి దిగలేదు. బస్సెక్కినా ముందు సీటు కింద తొక్కేవారు. క్షవరం చేయించుకునేటప్పుడు కత్తి చెవి దగ్గరికి వస్తే తొక్కేవారు. "నిద్దట్లో నన్నే బ్రేకు అనుకొని తొక్కుతాడమ్మా" అని అమ్మ అందరి ముందూ చెప్పేది. "నువ్వు ఆగితే గదా" అనేవారు ఆయన.

ఇంకొకరు తోలుతుంటే ఆయనకు కన్ను మూతపడేది కాదు. క్లాసుకు ముందు రెండు టీలు తాగేవారు. ఒకసారి బస్సులో తిరుపతికి పోతే, బస్సంతా నిద్రపోయినా ఈయనొక్కరే తెల్లారేదాకా డ్రైవరు వీపు చూస్తూ కూర్చున్నారట. "పక్కనోడు తోలుతాంటే పండుకునేటోడు మాస్టరు కాదు పాపా, పాసింజరు" అనేవారు.

ఆయన ఇచ్చే లైసెన్సుకు పరీక్ష ఒక్కటే. మనం తోలుతుంటే ఆయన పక్కన కూర్చుంటారు. దిగేదాకా ఆ కాలు ఒక్కసారి కూడా నొక్కకూడదు. ఇక్కడి లారీలు, బస్సులు తోలేవాళ్ళలో సగం మంది ఆయన చేతి కింద తయారైనవాళ్ళే. ఒక్కరికి కూడా అది దక్కలేదు. నాకు దక్కాలని నా పంతం. అందరూ నెలలో నేర్చుకున్నది నేను నాలుగు నెలలు నేర్చుకున్నాను. మా అత్తగారు "ఆయమ్మికి రాదులే, మానిపించండి" అని తేల్చేసింది. "వచ్చేదాకా నేర్పిస్తా, నాకేం తొందర?" అన్న మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కరే.

ఇక కారు. రెండేళ్ళ కిందట బెంగళూరులో ఉండే మా తమ్ముడు మోజుపడి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండులో కొన్నాడు. రెండే తలుపులు, నాలుగు సిలిండర్లు, ఇంజనులోకి అదనంగా గాలి ఊది బలమిచ్చే టర్బో ఒకటి. వెనక సీటు ఉందంటే ఉంది, కూరగాయల సంచి అయినా అందులో మోకాళ్ళు ముడుచుకోవాలి. బిడ్డ పుట్టగానే మా మరదలు "కారా, నేనా?" అంది. వాడు కారు తెచ్చి, పిల్లిపిల్లను వదిలినట్టు మా ఇంటి ముందు వదిలాడు. పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. బళ్ళారి దగ్గర ఒక ఖాళీ మైదానంలో కొందరు ఆదివారాలు కోన్లు పెట్టి, వాటి మధ్య ఒక్కొక్కరే కారు తిప్పుతారట. దాన్ని ఆటోక్రాస్ అంటారట. పందెం పక్కవాడితో కాదు, గడియారంతో. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకోవచ్చు. "ఈ కారు దానికి సరిపోతుందో లేదో తేలకుండానే నా చెయ్యి జారిపోయిందక్కా" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. అదెంత పని, సారును అడుగుదాం అనుకున్నాను.

ఆదోనికి తీసుకుపోయి చూపిస్తే, సారు చేతులు వెనక కట్టుకొని కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. "వెనక మనుషులు కూసునేది లేదు, కింద గాలి పోయేది లేదు. ఇది కారా, పీటా?" అన్నారు. ఎక్కించుకొని ఊరి బయటికి తీసుకుపోయాను. యాక్సిలేటరు తొక్కితే కారు ఉలకలేదు, పలకలేదు. ఇంకాస్త తొక్కాను. అప్పుడు, నేను ఆ సంగతే మర్చిపోయాక, వీపు మీద ఎవరో తన్నినట్టు దూకింది. సారు కాలు కారు అడుగున పరిచిన పట్టా మీద ధన్‌మని పడింది. అక్కడ బ్రేకు లేదు పాపం. "ఇది పిలిస్తే పలకదు, పలికితే ఆగదు. మా చిన్నాయన అచ్చం ఇట్లే ఉండేటోడు" అన్నారు, చెమట తుడుచుకుంటూ.

స్పీడు బ్రేకర్ల దగ్గర ఇంకో కష్టం. పక్క సీటులో మనిషి ఉంటే కారు పొట్ట గీసుకుంటుంది. అందుకని ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా సారు దిగి, నడిచి దాటి, అవతల మళ్ళీ ఎక్కేవారు. ఆయన బరువు నిండా యాభై కిలోలు ఉండదు, కానీ పద్ధతి పద్ధతే.

ఆటోక్రాస్ గురించి వివరంగా చెబితే ఆయన పెద్దగా నవ్వారు. "ఇదేం రేసు పాపా, లైసెన్సు టెస్టే గదా! ఆర్టీవో ఆఫీసులో ఎనిమిది ఏపిస్తారు. వీళ్ళు ఇరవై ఎనిమిది ఏపిస్తాండారు." వెంటనే ఆయనకు హుషారొచ్చింది. మూతపడిన పత్తి గింజల నూనె మిల్లు ఆవరణ ఒకటి, దాని ఓనరు కూడా పాత స్టూడెంటే, ఆదివారాలు వాడుకోవడానికి ఇప్పించారు. కోన్లు లేవు. మిల్లులో మిగిలిన పత్తి చెక్క బస్తాలు తెచ్చి వరసగా నిలబెట్టాం. అరగంట బ్రహ్మాండంగా సాగింది. అంతలో వాసన పట్టుకొని పక్క వీధి బర్రెలు వచ్చాయి. పత్తి చెక్క అంటే బర్రెలకు పెళ్ళి భోజనం. మేము ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మూడో మలుపు లేదు. దాన్ని తింటున్నాయి. నాలుగో బస్తా ఉండాల్సిన చోట ఒక దున్న నిలబడి నన్నే చూస్తోంది. "కోర్సు మారింది పాపా, సూసుకో!" అని సారు అరుస్తూ పట్టాను తొక్కుతున్నారు. తరువాతి వారం నుంచి బస్తాల్లో ఇసుక పోశాం.

అసలు చిక్కు టర్బోతోనే. మలుపు తిరిగాక తొక్కితే, బలం తరువాతి మలుపు దగ్గర వచ్చేది, సరిగ్గా ఆగాల్సిన చోట. నాలుగు వారాలు ఇసుక బస్తాల మీదికి ఎక్కించాను. "ఈ కారు దీనికి పనికిరాదు సార్" అని ఏడుపు మొహం పెట్టాను. ఆయన కాసేపు గడ్డం గోక్కొని అడిగారు. "మూల కాడ ఏం జేయమని నేర్పించినా నీకు?" హారను కొట్టమని. మూల అవతల ఏముందో మనకు తెలియదు కాబట్టి, ఊరైనా అడవైనా ప్రతి మూల మీదా హారను కొట్టాల్సిందే, అది ఆయన మొదటి పాఠం. "హారను మీద సెయ్యి పడినప్పుడే యాక్సిలేటరు మీద కాలు గూడా పడనీ. నువ్వు తిరిగేలోపల అది లేసి వస్తాది. ముందే పిలవాల పాపా. పని పడినాక పిలిస్తే యెవరొస్తారు?"

పనిచేసింది! ఒక హారను కొట్టేంతసేపు, అంతే ఆ టర్బో బద్ధకం. హారను ఆగేసరికి మలుపు విప్పుకునేది, కారు లేచేది. ఈ కిటుకు ఏ మెకానిక్కూ నాకు చెప్పలేదు.

బళ్ళారిలో ఆ ఆదివారం పదకొండు కార్లు వచ్చాయి. పక్కన ఒకరు కూర్చోవచ్చు అన్నారు. సారు తలకు చుట్టుకున్న తువ్వాలు తీయనన్నారు, హెల్మెట్టు దాని మీద పట్టలేదు, పది నిమిషాల పంచాయితీ తరువాత పెద్ద సైజుది తెచ్చి తువ్వాలు మీదే పెట్టారు. మొదటిసారి తిప్పినప్పుడు నేను సిగ్గుపడి హారను కొట్టలేదు. నాలుగు కోన్లు పడగొట్టాను. సారు కాలు చప్పుడు ఇంజను చప్పుడును మించిపోయింది.

"హారను ఇంట్లో పెట్టి వచ్చినావా?" అన్నారు.

"ఇక్కడెవరూ కొట్టడం లేదు సార్. నవ్వుతారు."

"నవ్వనీ. మనం ఈడికి వచ్చింది వాళ్ళ మొహాలు సూడనీకా?"

రెండోసారి ప్రతి మలుపు దగ్గరా కొట్టాను. పీ అని ఒకటి, పీ అని ఇంకొకటి, పెళ్ళి బస్సు పోతున్నట్టు. జనం లేచి నిలబడి చూశారు. టైము రాసుకునే కన్నడాయన కిటికీ దగ్గరికి వంగి "మేడం, హార్న్ యాకె? అడ్డ యారూ ఇల్వల్లా!" అన్నాడు. ఎవరూ అడ్డం లేరు కదా, హారను ఎందుకని. సారు చెక్కు చెదరకుండా "నాళె బర్తారె" అన్నారు. రేపు వస్తారట!

ఆరో స్థానం వచ్చింది. మొదటిది ఒక బక్క పాత కారుకు వచ్చింది, దానికి టర్బో లేదు, ఏమీ లేదు. అయినా సరే ఒక్క కోనూ పడలేదని గాల్లో తేలిపోతున్నాను. "సార్, మరి తమ్ముడికి ఏం చెప్పమంటారు? సరిపోతుందా?" అంటే, "కారు సరిపోతాది. తోలేటోళ్ళకే ఓపిక సరిపోదు" అన్నారు. నేను ఆశగా ఆయన కాలి వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "పదో మలుపు కాడ ఒక్కసారి నొక్కినా పాపా. అబద్ధం సెప్పను. లైసెన్సు లేదు."

"అక్కడ బ్రేకే లేదు కదా సార్!"

"బ్రేకు లేకుంటే ఏమి, కాలు ఉండాది గదా."

నాకు ఒళ్ళు మండింది. పందొమ్మిదేళ్ళు! ఏడుపు కూడా వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మధ్యాహ్నం తిరుగు దారి పట్టాం. మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకొని తోలుతున్నాను. ఆలూరు దాటాక ఏదో గరగరమని శబ్దం మొదలైంది. సైలెన్సరు ఊడిందేమో అనుకొని కిటికీ దించాను. శబ్దం బయట లేదు. పక్క సీటులో ఉంది. సారు నోరు తెరుచుకొని గురక పెడుతున్నారు. తువ్వాలు ఒక కంటి మీదికి జారింది. కుడికాలు చెప్పులోంచి బయటికి వచ్చి, పసిపిల్లవాడి కాలులా పక్కకు వాలిపోయి ఉంది.

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. బతికుండగా చెబితే ఆయన పరువు పోయేది. స్పీడు బ్రేకర్లు వచ్చినప్పుడల్లా దిగమని లేపలేదు. ఐమూలగా, అంగుళం అంగుళం దాటించాను. కారు పొట్ట బరబరా గీసుకుంటుంటే పళ్ళు బిగబట్టాను. మూలలు వచ్చాయి. ఎన్ని మూలలో! చెయ్యి అలవాటుగా హారను మీదికి పోయేది, వెనక్కి తీసుకునేదాన్ని. ఆదోని దాకా ఒక్కసారి కూడా కొట్టలేదు.

ఆయన సందు ముందు ఆపితే మెలకువ వచ్చింది. తువ్వాలు సర్దుకొని గంభీరంగా "నేను పండుకోలేదు. కండ్లు మూసుకొని ఇంజను ఇంటాండా" అన్నారు.

"అవును సార్."

"మూలల కాడ హారను కొట్టినావా?"

"కొట్టాను సార్."

"ఊఁ. అన్నీ ఇన్నాలే" అని చెప్పు వెతుక్కొని దిగారు.

సందులోకి మెల్లగా నడిచిపోయారు, చంకలో హెల్మెట్టుతో. అది బళ్ళారి వాళ్ళది, తిరిగి ఇవ్వడం ఇద్దరమూ మర్చిపోయాం. ఇంటివైపు మలుపు దగ్గరికి చేరగానే నేను ఒక్కసారి హారను కొట్టాను. వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, మూల తిరిగారు.