బయట గాటున్న గడియ

“అసలు మీ పని గడియలు బిగించడమా, పీకడమా?”

మూడో అంతస్తులో ఒక పదహారేళ్ళ అమ్మాయి తన గది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇలా అడిగింది. ఎదురుగా స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డ మనిషిని ఆ అపార్టుమెంట్లలో అందరూ గడియల మేస్త్రి అంటారు. ఆయన ఉన్న నిజమే చెప్పాడు.

“డబ్బులెవరిస్తే వాళ్ళు చెప్పిన పనమ్మా.”

డబ్బులిస్తున్నది ఆ అమ్మాయి తండ్రి. గడియ ఊడింది.

పొట్ట చేతపట్టుకుని నానా దేశాల నుంచి వచ్చినవాళ్ళు ఆ అపార్టుమెంట్లలో ఉంటారు. భాషలు వేరు, మొక్కే దేవుళ్ళు వేరు, లిఫ్టులో ఒకరినొకరు చూసుకోకుండా నిలబడే తీరు మాత్రం ఒకటే. పిల్లకో పిల్లాడికో పద్నాలుగు దాటిన ఇంటి నుంచి మేస్త్రికి ఫోన్ రావడం ఖాయం. వెళ్ళగానే ముందు సంస్కృతి గురించి ఉపన్యాసం, తర్వాత పని, ఆఖర్న బేరం.

“మా వాళ్ళలో తలుపులేసుకునే అలవాటే లేదు మేస్త్రీ. అంతా ఈ దేశం గాలి,” అంటాడు మూడో అంతస్తు అకౌంటెంటు.

“మా భాషలో ప్రైవసీ అన్న మాటే లేదు, తెలుసా?” అంటుంది అయిదో అంతస్తు నర్సు. లేని మాట పిల్లకు ఎలా అంటుకుందో ఆమెకు అర్థం కాదు.

ఏడో అంతస్తు బస్సు డ్రైవరుది ఈ నేలే. తాత ముత్తాతలు ఇక్కడే పుట్టి ఇక్కడే పోయారు. “బయట నుంచి వచ్చినోళ్ళ పిల్లల్ని చూసి మావాడు చెడిపోతున్నాడు. మా ఇళ్ళల్లో ఇలాంటివి ఎరగం,” అని ఆయన ఏడుపు.

పిల్లలేమన్నా తక్కువ తిన్నారా? వాళ్ళ వాదనా అచ్చు గుద్దినట్టు ఒకటే: “నా ఫ్రెండ్స్ అందరి గదులకీ గడియలున్నాయి!” ఆ ఫ్రెండ్స్ అందరి గడియలూ కిందటి నెలే ఊడదీసి సంచిలో వేసుకున్నది మేస్త్రే. సంస్కృతుల మధ్య అగాధం మీద సదస్సులు పెట్టే పెద్దలు ఒక్కసారి ఆ సంచి తెరిచి చూస్తే భోజనాల ఖర్చు మిగిలేది.

మేస్త్రి దశ తిప్పినవాడు తొమ్మిదో అంతస్తు ప్రొఫెసరు. పిల్లల స్వేచ్ఛ గురించి వేదికల మీద గొంతు గద్గదమయ్యేలా మాట్లాడతాడని పేరు.

“మావాణ్ణి మేం స్నేహితుడిలా చూస్తాం. వాడి గదికి గడియ ఉండి తీరాలి. కానీ...” అని కొడుకు గది వైపోసారి చూసి గొంతు తగ్గించాడు. “బయట నుంచి కూడా తెరుచుకునేదేమైనా దొరుకుతుందా? వాడికి చెప్పక్కర్లేదు.”

దొరుకుతుంది. చంటిపిల్లలు బాత్రూములో గడియ పెట్టుకుని చిక్కుకుపోతే తీయడానికి చేసిన తాళమొకటి ఉంది. బయటి గుబ్బ మధ్యలో సన్నటి గాటుంటుంది. అందులో నాణెం దూర్చి తిప్పితే లోపలి గడియ వెనక్కి జరుగుతుంది. మేస్త్రి దాన్నే బిగించాడు. గడియ పడిన చప్పుడు కొడుక్కి, గాటు తండ్రికి. ఇద్దరికీ సంతోషమే.

ఈ సంగతి పెద్దవాళ్ళలో చెవి నుంచి చెవికి పాకింది. చూస్తుండగానే పీకిన గడియల చోటల్లా గాటు తాళాలు వచ్చాయి. “మా అమ్మానాన్నా మారారు!” అని పిల్లలు సంబరపడ్డారు. పాపం, మారింది తాళమే.

మేస్త్రి కాపురం కింది అంతస్తులో. అసోసియేషన్ వాళ్ళ కాంట్రాక్టుతో పాటు వచ్చిన ఇల్లు అది. రాత్రి భోజనాల దగ్గర ఆయన ఒక్కో ఇంటి పెద్దనీ గొంతు మార్చి చేసి చూపిస్తుంటే, భార్యా, పదిహేనేళ్ళ కూతురూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఒకరోజు ఆ కూతురే అడిగింది.

“నాన్నా, నా గదికీ గడియ పెట్టవా?”

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. “మన ఇళ్ళల్లో తలుపులేసుకునే అలవాటు లేదమ్మా.”

“అది మూడో అంతస్తు అంకుల్ డైలాగు. నిన్ననేగా చేసి చూపించావు!”

“పెట్టండి మరి,” అంది భార్య నవ్వాపుకుంటూ. “లోకానికంతా బిగిస్తారుగా!”

మర్నాడు బిగించాడు. అలవాటు ప్రకారం తలుపు కదలకుండా కూతురే పట్టుకుంది. ఏ తాళమో చెప్పక్కర్లేదు.

ఇక ఆయనకి కంటి మీద కునుకు లేదు. ఇన్నాళ్ళూ ఎవరెవరి పిల్లల గురించో విన్న భయాలన్నీ వరసపెట్టి వచ్చి తన గుమ్మం ముందే కూర్చున్నాయి.

“ఏమండీ, బల్లిలా ఆ తలుపుకు అతుక్కున్నారేమిటి?”

“గాలికి కొట్టుకుంటోందేమోనని చూస్తున్నా.”

“గడియ పెట్టిన తలుపు కొట్టుకుంటుందా? మీరేం మేస్త్రండీ!”

ఆదివారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక జేబులోంచి నాణెం తీసి, గాటులో దూర్చి తిప్పాడు. లోపల కూతురు మంచం మీద కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటోంది. తలైనా ఎత్తలేదు.

“ఇంకా ముందే వస్తావనుకున్నా.”

“నీకు... తెలుసా?”

“తలుపు పట్టుకున్నది నేనేగా. గాటు కనపడదా? తెరవగలిగీ తెరవకుండా ఊరుకుంటావేమో చూద్దామనుకున్నా.”

“భోజనానికి పిలుద్దామని తల్లీ...”

“ఇప్పుడేగా తిన్నాం నాన్నా.”

ఆ మాటతో ఆ పిల్ల అవసరమైతే తప్ప తండ్రితో పలకడం మానేసింది. భోజనాల దగ్గర ఆయన నర్సు గొంతు పెట్టినా, డ్రైవరు గొంతు పెట్టినా గోడకి చెప్పుకున్నట్టే. కంచంలోంచి కళ్ళెత్తేది కాదు. గొడవ పడితే సర్దిచెప్పుకోవచ్చు. ఈ మౌనానికి ఆయన సంచిలో పనిముట్టు లేదు.

అంతలోనే అపార్టుమెంట్లలో గాట్లన్నీ మూసుకుపోయాయి. ఎవరో ఒక్కొక్కదాంట్లో పిడచలా జిగురు కూరారు. నాణెం దూరదు, తలుపు రాదు. పెద్దవాళ్ళ ఫోన్లతో మేస్త్రి చెవులు చిల్లులు పడ్డాయి. కాంట్రాక్టు పొడిగించే మీటింగు ఆ వారమే. పని పోతే ఇల్లూ పోతుంది.

“నువ్వేనా?” అని కూతుర్ని అడిగాడు.

“అందరికీ చెప్పింది నేనే. జిగురు ఎవరిది వాళ్ళే కొనుక్కున్నారు.”

“మన కొంప కూల్చావు కదే!”

“మీటింగుకి పిల్లలు కూడా రావచ్చా?”

“ఎవరైనా రావచ్చు. ఏం?”

“ఊరికే.”

నీళ్ళ మోటారు పక్కన, కార్లు నిలిపే చోట కుర్చీలు వేశారు. పెద్దవాళ్ళు కత్తులు నూరుకుంటూ వచ్చారు. వాళ్ళ వెనకే పిల్లలూ వచ్చి, ఎవరి అమ్మానాన్నల పక్కన వాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు. ఏనాడూ ఎక్కడికీ వెంట రానివాళ్ళు!

“మేస్త్రి తాళాల మీద ఫిర్యాదులున్నాయి. ఎవరు మాట్లాడతారు?” అన్నాడు సెక్రటరీ.

అకౌంటెంటు ఊపుగా లేచాడు. పక్కన కూతురు తన వైపే చూస్తోంది. “పార్కింగులో లైటు వెలగట్లేదు,” అని కూర్చున్నాడు. నర్సు లిఫ్టు చప్పుడు చేస్తోందంది. డ్రైవరుకి దగ్గొచ్చింది.

సెక్రటరీకి పిల్లల్లేరు, సూక్ష్మం అందలేదు. “అదేంటి ప్రొఫెసర్ గారూ, బయట నుంచి తెరుచుకోవట్లేదని ఫోన్లో అంతసేపు చెప్పారుగా?”

పక్కనున్న కొడుకు కుర్చీ తండ్రి వైపు తిప్పుకున్నాడు.

“నేనా?” అన్నాడు ప్రొఫెసరు. “బయట నుంచి తెరుచుకునే తాళం మా ఇంట్లో ఎందుకుంటుందండీ? మావాడంటే మాకు నమ్మకం. అలాంటిది నేను ఆర్డరే ఇవ్వలేదు.”

కొడుకు చప్పట్లు కొట్టాడు. వాడొక్కడే.

కాంట్రాక్టు ఏకగ్రీవంగా పొడిగించారు. అన్ని సంస్కృతులూ ఏకమైన ఘట్టం ఆ అపార్టుమెంట్లలో అదొక్కటే.

“నన్ను కాపాడదామని పిలిచావా, వాళ్ళ మొహాలు చూద్దామనా?” అని ఇంటికొచ్చాక అడిగాడు మేస్త్రి.

“మొహాలు చూద్దామనే. నీదీ చూశా.”

ఆ సాయంత్రమే ఆయన గాటు తాళం ఊడదీసి, లోపలి వైపు మామూలు గడియ బిగించాడు. రాత్రి కూతురు తనంతట తనే తలుపు తీసుకుని భోజనానికొచ్చింది. ఆయన ధైర్యం చేసి ప్రొఫెసర్ని చేసి చూపించాడు.

“బాగా రాలేదు,” అంది. “నీకు మూడో అంతస్తు అంకులే సరిగ్గా వస్తాడు.”

భోజనాల దగ్గర మళ్ళీ పలికింది, అదే పదివేలు అనుకున్నాడాయన.

నెల తిరిగాక, బాకీ ఉన్న గాటు తాళం బిల్లు పట్టుకుని తొమ్మిదో అంతస్తుకు వెళ్ళాడు. “ఆర్డరివ్వలేదని అందరి ముందూ చెప్పాను కదయ్యా, ఇప్పుడు డబ్బులెలా ఇస్తాను?” అన్నాడు ప్రొఫెసరు. ఆ తాళం ఖరీదూ, బిగించిన కూలీ మేస్త్రికి ఇంకా రావాలి.