మధ్యాహ్నం తిరగబడే గ్రాఫు

ఇంటర్నెట్‌లో ట్రాఫిక్ కొలవడం నా ఉద్యోగం. మా చుట్టాలు అనుకున్నట్టు ఎవరి ఫోన్లూ వినను, మహాప్రభో! ఊళ్ళ నుంచి హైదరాబాదు చేరే పెద్ద కేబుళ్ళలో ఎటు నుంచి ఎటు ఎంత డేటా పోతోందో చూస్తాను, అంతే.

ఏ ఊరి గ్రాఫు చూసినా ఒకటే తీరు. జనం వీడియోలు చూస్తారు కాబట్టి ఊళ్ళోకి వచ్చేది కొండంత, ఊళ్ళోంచి పోయేది గోరంత. మా పోచంపల్లి మాత్రం మధ్యాహ్నం కాగానే తిరగబడేది. పోయేదే ఎక్కువ. మీటరు చెడిందన్నారు ఆఫీసులో. చెడలేదు. ఆ వేళకి మా వాడకట్టు ఆడవాళ్ళు మగ్గం పక్కనే కూర్చొని, వీడియోలో చీరెలు చూపించి అమ్మేవారు. మా అమ్మ కూడా. ఏళ్ళ తరబడి షావుకారు చెప్పిన ధరకే చీరె ఇచ్చిన మనిషి, కొనేవాళ్ళ ముఖం అప్పుడే మొదటిసారి చూస్తోంది.

పెళ్ళిళ్ళ గిరాకీకి అప్‌లోడు చాలక బొమ్మ తడబడుతుంటే, నాకు పని నేర్పిన మా పెద్ద ఇంజనీరుకు గ్రాఫు చూపించి పెంచమని అడిగాను. మా పాత జిల్లాలోని హుజూర్‌నగర్ మనిషే. నేను అన్నా అనేదాన్ని. మా ఇంటికొస్తే అమ్మ కొడుకా అని పిలిచేది.

"గిది మనోళ్ళ పనా! శభాష్ చెల్లె. ఏ గల్లీల నుంచి పోతాందో మొత్తం రాసియ్యి. ఫికర్ చెయ్యకు, నేను జూస్కుంట," అన్నాడు.

సంబరంగా రాసిచ్చాను.

మీటింగులో తెర మీద నా గ్రాఫే, కింద నా పేరే. ఆయన లేచి ఏమన్నాడో తెలుసా? ఇళ్ళ కనెక్షన్ల మీద వ్యాపారం నడుస్తోందట. ఇళ్ళకు అప్‌లోడు తగ్గించేసి, ఖరీదైన దుకాణం కనెక్షను తీసుకున్నవాళ్ళకే వదలాలట. అందరూ తలలూపారు. బయటికొచ్చాక నిలదీశాను.

"నీ లెక్కనే గద చెల్లె, నేనేం కలిపిన?" అన్నాడు, నవ్వుతూ.

ఛీ! పరాయివాడు చేస్తే నాలుగు తిట్టి ఊరుకుందును. చెల్లె చెల్లె అంటూనే గొంతు కోశాడు.

కొద్దిరోజులకే మా ఊరి గ్రాఫు అన్ని ఊళ్ళలాగే అయిపోయింది. ఆ ఖరీదైన కనెక్షను మా వాడలో షావుకారు ఒక్కడే తీసుకున్నాడు. అమ్మ ఫోన్ చేసింది.

"కొంగు జూపెడుతుంటె బొమ్మ ఆగిపోతాంది బిడ్డా. ఇసుక్కొని ఫోన్ పెట్టేస్తున్నరు. చీరె మల్ల షావుకారుకే ఇచ్చిన."

పైగా తనే నన్ను ఓదార్చింది.

"నువ్వు రంది పడకు. మీ ఆఫీసుల అన్న ఉన్నడు గద, గాయనకు చెప్పు. మనమంటె పానం గాయనకు."