శిరసు అతికే ఊరిలో

ప్రతి వేసవిలో గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగుతుంది. తెగిన అమ్మవారి తలను వీధులన్నీ తిప్పి, గుడిలోని మొండేనికి అతికిస్తారు. దారిపొడవునా జనం కొబ్బరికాయలు కొడతారు. ఆ శిరసు మోసేవాళ్ళలో మా తమ్ముడొకడు. పోయిన వేసవిలో పండుగ కాయలు దింపడానికే మా తోటలో కొబ్బరిచెట్టెక్కి పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది.

వేదికలెక్కి మూఢనమ్మకాలతో పోట్లాడడం నాకు అలవాటు. ఈసారి పోట్లాట మా వసారాలోకే వచ్చింది. వేలూరు పక్కన తొరపాడిలో ఉండే మేనమామ, చెన్నైలో వెన్నులోకి మూలకణాలు ఎక్కించే క్లినిక్ ఉందని కబురు తెచ్చాడు.

“పనిచేస్తుందని రుజువేది మామా?” అన్నాను.

“తలకాయే అతికిన ఊరప్పా మనది! నడుము అతకదా?”

“అతికించేది బొమ్మకు. వీడిది ఒళ్ళు.”

“నీ నోటికో దండం. నీ ఉపన్యాసం వింటే వాడు లేచి నడస్తాడా?”

తమ్ముడు పగలబడి నవ్వాడు. పడ్డాక వాడు నవ్వడం అదే మొదలు.

వాణ్ణి వేలూరులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఈ మూలకణాలు ఒంట్లో వేరే కణాలుగా మారగలవు గానీ, తెగిన వెన్నును బాగుచేస్తాయని ఇంకా తేలలేదు. అందుకే పరిశోధనలో భాగంగా తప్ప ఎవరికీ ఎక్కించకూడదు, దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. వాళ్ళ పరిశోధనకు అనుమతి వచ్చింది, ఢిల్లీ నుంచి నిధులు రావాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళుగా నేను సభల్లో అడిగిన నియమం ఇదే. ఆగుదామన్నాను.

“నువ్వు చెప్తే సరి అన్నా,” అన్నాడు తమ్ముడు.

నిధులు రాలేదు. పడుకుని పడుకుని వాడి వీపు పుండ్లు పడింది. ఒక సైన్సు సభలో ఎవరో మంత్రి, ఈ మూలకణాల విద్యలన్నీ మన పూర్వులకు ఎప్పుడో తెలుసునని ప్రసంగించడం టీవీలో చూశాం. మామ చప్పట్లు కొట్టాడు. ఆ సభకు షామియానాలు వేయడానికి మాత్రం ప్రభుత్వం దగ్గర డబ్బుంది. కొన్నాళ్ళకు డాక్టరమ్మ తమ పరిశోధన మూతపడిందని చెప్పింది. చెన్నై క్లినిక్ మాత్రం తెరిచే ఉంది. దాన్ని మూయించాల్సిన అధికారి ఎవరో నేను ఎంతమందిని అడిగినా తేలలేదు.

ఈ సంగతి తమ్ముడికి చెప్పాను.

“ఆపేదానికి చట్టం ఉండాది. మందు కనుక్కునేదానికి దుడ్డు లేదు. నేను యాడికి పోవాలన్నా?”

నా దగ్గర ఉన్న వాదనలన్నీ క్లినిక్ మోసమని నిరూపించేవే. ఇప్పటికీ వాటిలో ఒక్క మాట మార్చను. వాడడిగిన దానికి మాత్రం వాటిలో జవాబు లేదు.

చెన్నైకి పోతానని తమ్ముడు మామకు చెప్పాడు; మళ్ళీ వేసవి వచ్చి, శిరసు రోజునే మామ కారు తెచ్చాడు. తమ్ముణ్ణి ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. నేను తలుపు వేయబోతే వాడు చేయి అడ్డం పెట్టాడు.

“నువ్వూ ఎక్కన్నా. వాళ్ళు మోసం చేస్తే కనిపెట్టేదానికి ఒకడుండాల గదా.”

“వీడొస్తే సూది పట్టుకునే వాడి చెయ్యి వణుకుతాదిరా!” అన్నాడు మామ.

ఎక్కాను. వీధి చివర ఊరేగింపు అడ్డొచ్చి కారు ఆగింది. వేరేవాళ్ళ భుజాల మీద శిరసు వెళుతోంది. తమ్ముడు తల ఎత్తలేదు, దండం పెట్టలేదు. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. దారి దొరికాక, పగిలిన కొబ్బరిచిప్పల మీదుగా కారు చెన్నై రోడ్డెక్కింది.